రెండు రాళ్ల కోసం లండన్ ప్రయాణం

విదేశయాత్ర తలపెట్టిన ప్రతి ఇంట్లోనూ రెండు జాబితాలు తయారవుతాయి. ఒకటి కాగితం మీద రాసుకునేది. మరొకటి ఎవరూ రాయనిది. ఇంట్లో ఎవరో ఒకరి మనస్సులో ఏళ్ల తరబడి అణగి ఉండేది. 2024 జూన్‌లో పది రోజుల పాటు మేము లండన్ వెళ్లి వచ్చాము. కాగితం మీద నేను రాసుకున్న జాబితాలో నలభై ఒక్క అంశాలున్నాయి. మా నాన్నగారి జాబితాలో ఉన్నవి రెండే.

ఆంగ్ల సాహిత్యం చదువుకుని, ఇరవయ్యేళ్లుగా ఆ భాషలోని పుస్తకాలను తెలుగు చేస్తూ కాలక్షేపం చేస్తున్నాను. లండన్ వీధులను, అక్కడి పొగమంచును, థేమ్స్ నది మీది వంతెనలను కంటితో చూడకుండానే ఎన్నోసార్లు తెలుగులో వర్ణించాను. చూడని వీధి గురించి రాసేటప్పుడు కలం కొంచెం తడబడుతుంది. ఆ తడబాటు పాఠకులకు తెలియకపోవచ్చుగాని, రాసినవారికి తెలుస్తూనే ఉంటుంది. షేక్‌స్పియర్ పుట్టిన ఊరు, వర్డ్స్‌వర్త్ నివసించిన సరస్సుల సీమ, హాంప్‌స్టెడ్‌లో కీట్స్ ఉన్న ఇల్లు ఒక్కసారైనా చూడాలన్నది నా చిరకాల వాంఛ.

నాన్నగారు గుంటూరు జిల్లాలో తెలుగు పండితులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. వయస్సు డెబ్బై ఆరు. గుండెకు ఒక స్టెంటు ఉంది. నా ప్రయాణం సంగతి విని, రెండు రోజులు ఏమీ అనలేదు. మూడోనాడు భోజనాల దగ్గర, "నేనూ వస్తాను. అక్కడ నేను చూడవలసిన రాళ్లు రెండున్నాయి" అన్నారు.

ఆ రెండు రాళ్లు

మొదటిది అమరావతి రాయి. క్రీస్తు పూర్వం మూడో శతాబ్ది నుంచి సుమారు ఐదారు వందల ఏళ్ల పాటు పెరుగుతూ వచ్చిన మహాస్తూపం కాలక్రమంలో మట్టిదిబ్బగా మారింది. 1798 ప్రాంతాల్లో కాలిన్ మెకంజీ దానిని చూశాడు. 1816లో చిత్రకారులను వెంటబెట్టుకుని వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన రాళ్లు మద్రాసు చేరి, అక్కడి నుంచి 1859లో ఓడల మీద లండన్‌కు తరలిపోయాయి. ఆ దిబ్బకు నాలుగు మైళ్ల దూరంలోని పల్లెలో పుట్టిన మనిషికి, తన ఊరి రాళ్లు అంత దూరంలో ఉన్నాయన్న సంగతి చిన్ననాటి నుంచి మనస్సులో ముల్లులా ఉండిపోయింది.

రెండోది సమాధి రాయి. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టి, 1820లో కడపలో ఉద్యోగానికి వచ్చి, తెలుగు నేర్చి, వేమన పద్యాలను సేకరించి 1829లో ఆంగ్లానువాదంతో అచ్చువేయించాడు. 1852లో ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది. ఇంగ్లండు తిరిగి వెళ్లాక లండన్ యూనివర్సిటీ కాలేజీలో తెలుగు ఆచార్యుడుగా ఉండి, 1884 డిసెంబరు 12న కన్నుమూశాడు. కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉంది.

ఆ నిఘంటువు పునర్ముద్రణ ప్రతిని నాన్నగారు 1970లో తొలి నెల జీతంతో కొన్నారు. లోపలి అట్ట మీద ఆ తేదీ, గుంటూరు అన్న మాట సిరాతో రాసి ఉన్నాయి. నేను అనువాదానికి కూర్చున్నప్పుడు ఈనాటికీ తెరిచేది ఆ పుస్తకాన్నే.

కాగితాల పర్వం

యాత్రకు ఆరు నెలల ముందే పని మొదలుపెట్టడం మంచిదని పెద్దలు చెబుతారు. అది నిజమే. మొదటి చిక్కు నాన్నగారి పేరుతోనే వచ్చింది. మన ఇంటిపేర్ల వ్యవహారం పాశ్చాత్యులకు అంతుపట్టదు. ఆయన పదో తరగతి పత్రంలో ఇంటిపేరుకు ఒక్క పొడి అక్షరమే ఉంది. పాస్‌పోర్టులో అది పూర్తిగా ఉంది. టిక్కెట్టు తీసిన ఏజెంటు ఇంటిపేరును అసలు పేరుగానూ, అసలు పేరును ఇంటిపేరుగానూ తారుమారు చేశాడు. దానిని దిద్దించడానికి పన్నెండు రోజులు, కొంత రుసుము ఖర్చయ్యాయి. పాఠకులకు నేను చెప్పగల మొదటి మాట ఇది: టిక్కెట్టు చేతికి వచ్చిన రోజునే పాస్‌పోర్టును పక్కన పెట్టుకుని, అక్షరం అక్షరం సరిచూసుకోండి.

బ్రిటన్ సందర్శక వీసాకు ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచి మాత్రమే దరఖాస్తు చేయవచ్చు. నింపిన దరఖాస్తు ఒక్కటే చాలదు. బ్యాంకు ఖాతాల్లో సొమ్ము ఎలా వచ్చిందో, తిరిగి వస్తారనడానికి స్వదేశంలో మిమ్మల్ని కట్టిపడేసేది ఏమున్నదో ఆ కాగితాలు చెప్పాలి. ప్రయాణం ముందు హఠాత్తుగా ఖాతాలో పెద్ద మొత్తం జమచేస్తే, అది మేలుకన్న అనుమానాన్నే పెంచుతుంది. నాన్నగారు తన పింఛను పుస్తకం, పొలం పట్టా జతచేశారు. "నలభై ఏళ్లు పాఠం చెప్పినవాడు ఎక్కడికి పారిపోతాడు?" అని నవ్వారుగాని, వేలిముద్రలు ఇచ్చేటప్పుడు ఆయన చేయి కొద్దిగా వణికింది. మూడు వారాలకు వీసాలు వచ్చాయి.

బీమా విషయంలో నేను చేయబోయిన తప్పును మా వైద్యుడు ఆపారు. స్టెంటు సంగతి రాస్తే ప్రీమియం పెరుగుతుందని నేను రాయకుండా వదిలేయబోయాను. దాచిన రోగానికి బీమా వర్తించదు; పరదేశంలో ఆసుపత్రి పాలైతే ఆ ఖర్చు మన తలమీదే పడుతుంది. ఉన్నది ఉన్నట్టు రాసి, పూర్వపు జబ్బులకు వర్తించే బీమాను వెదికి, ఎక్కువ సొమ్ము చెల్లించాము. మందులను డబ్బాల్లో పోయకుండా, అసలు అట్టలతోనే, వైద్యుని చీటీతో సహా చేతిసంచిలో పెట్టుకున్నాము. చీటీలో కంపెనీ పేర్లు కాక మందు అసలు పేర్లు రాయించాము.

బరువుల పర్వం

జూన్ నెలను ఎన్నుకోవడంలో నా జాబితాకు మొదటి గండి పడింది. డాఫొడిల్ పూలు అక్కడ వసంతం తొలి రోజుల్లో పూస్తాయి. మన దేశంలో ఆంగ్లం చదివిన ప్రతివారూ చూడకుండానే కంఠస్థం చేసిన పూలు అవి. మార్చి చలి నాన్నగారికి పడదు. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటేదాకా వెలుతురు ఉంటుంది. పెద్దవారు తొందరపడకుండా తిరగవచ్చు. అలా డాఫొడిల్స్‌తో పాటు సరస్సుల సీమ కూడా జాబితా నుంచి తొలగిపోయింది.

బసను యూస్టన్ స్టేషనుకు దగ్గరగా చూసుకున్నాము. బ్రిటిష్ లైబ్రరీ అక్కడికి నడక దూరం. బ్రిటిష్ మ్యూజియం కూడా చేరువే. లండన్ భూగర్భ రైలు వేగంగా పోతుంది, నిజమే. కాని చాలా స్టేషన్లలో మెట్లు ఎక్కక తప్పదు. వృద్ధులకు ఎర్రబస్సే సుఖం. ఆ బస్సుల్లో 2014 నుంచి నగదు తీసుకోరు, కార్డు తాకించాలి. అక్కడి విద్యుత్ ప్లగ్గులకు పలకల వంటి మూడు కాళ్లుంటాయి. దానికి తగిన అడాప్టరు ఇక్కడే కొనుక్కోవడం చౌక.

ఇక వంటింటి సంగతి. మా అమ్మ గోంగూర పచ్చడి, కందిపొడి, ఒక సీసా నెయ్యి సిద్ధం చేసింది. పాల పదార్థాలను, మాంసాన్ని మన దేశం నుంచి బ్రిటన్‌లోకి తీసుకుపోరాదు. నెయ్యి పాల పదార్థమే. "నెయ్యి లేకుండా కందిపొడి దేనికి?" అని అమ్మ రెంటినీ తీసేసింది. పచ్చడి మాత్రం మిగిలింది.

అసలు యుద్ధం నిఘంటువు దగ్గర జరిగింది. నాన్నగారు దానిని తీసుకువెళ్లి తీరాలన్నారు. వంటింటి త్రాసులో తూచాను: రెండు కిలోల పైచిలుకు. పెట్టె అప్పటికే పరిమితికి చేరింది. "ఆ పుస్తకం మొత్తం ఇప్పుడు ఫోనులోనే చూడవచ్చు నాన్నగారూ" అన్నాను. ఆయన జవాబు చెప్పలేదు. పెట్టెలో నుంచి రెండు స్వెట్టర్లు తీసి మంచం మీద పెట్టి, ఆ స్థానంలో పుస్తకాన్ని సర్దారు. లండన్‌లో దిగిన మర్నాడు ఉదయపు చలిగాలికి ఆయన ముడుచుకుపోతుంటే, హైదరాబాదు ధరకు నాలుగింతలు పోసి ఒక స్వెట్టరు కొన్నాను.

అద్దం వెనుక ఊరు

బ్రిటిష్ మ్యూజియంలో ప్రవేశ రుసుము లేదు. అమరావతి శిల్పాలు 33ఎ సంఖ్య గల గదిలో ఉన్నాయి. నాన్నగారు గుమ్మంలోనే ఆగిపోయారు. పద్మాల పతకాలు, నాగులు, మాలలు మోసే మనుషులు, స్తూపం రూపమే చెక్కిన పలకలు కొలువుదీరి ఉన్నాయి. ఒక పలక కథ ఆయనకు బాగా నచ్చింది. మొదటి కాలపు శిల్పి దాని మీద బోధివృక్షం కింద ఖాళీ ఆసనాన్ని చెక్కాడు. కొన్ని శతాబ్దాల తరువాత మరొక శిల్పి అదే రాతిని తిప్పి, వెనుకవైపు మహాస్తూపాన్ని చెక్కాడు.

"ఈ రాయి మన వసారాలో పరిచిన నాపరాయి వంటిదే సుమా!" అన్నారు నాన్నగారు. పల్నాటి సున్నపురాయి అది.

"వీళ్లు పట్టుకుపోయారని మీకు కోపం రావడం లేదా?" అని అడిగాను.

"రాకేం? వచ్చింది. కాని మా తాతగారు చెప్పేవారు, ఆ దిబ్బ రాళ్లు ఎన్నో సున్నపు బట్టీల్లో కాలిపోయాయని. వాటిని కాల్చినది మనవాళ్లే. కోపం ఇద్దరికీ పంచాలి" అన్నారు. కాసేపటికి, "అయినా ఇవి మనవి. ఆ మాట మాత్రం మనం మరచిపోకూడదు" అని కూడా అన్నారు. ఆ గదిలో మేము మూడు గంటలున్నాము. నా జాబితాలోని గ్రీకు, ఈజిప్టు గదులు అలాగే ఉండిపోయాయి.

తప్పిన దారి

కెన్సల్ గ్రీన్‌కు యూస్టన్ నుంచి 18వ నంబరు బస్సు హారో రోడ్డు మీదుగా పోతుంది. 1833లో తెరిచిన ఆ శ్మశానం 72 ఎకరాలు. థాకరే, ట్రాలోప్ అక్కడే ఉన్నారు; ద్వారకానాథ్ టాగోర్ సమాధి కూడా అక్కడే. విమానానికి, బసకు, ప్లగ్గుకు అన్ని జాగ్రత్తలు తీసుకున్న నేను, బ్రౌన్ సమాధి ఆ 72 ఎకరాల్లో ఏ మూల ఉందో ముందుగా కనుక్కోలేదు. ఊళ్లో శ్మశానమంటే ఒక చూపుకు అందేది కదా అనుకున్నాను. గడ్డిలో, ఒరిగిన శిలువల మధ్య, రెండున్నర గంటలు వెదికాము. నాన్నగారి పెదవులు పాలిపోయాయి. భుజాన సంచిలో ఆ రెండు కిలోల పుస్తకం. నేను మోస్తానంటే ఇవ్వలేదు. చివరికి ఆయనే, "పోదాం పద" అన్నారు.

మర్నాడు మాకు స్ట్రాట్‌ఫర్డ్ ప్రయాణం. ముందుగా చౌకగా కొన్న రైలు టిక్కెట్లు. మానుకుంటే డబ్బు తిరిగి రాదు. ఆ తరువాత మిగిలింది ఒక్క రోజే. ఆ రోజు తిరుగు ప్రయాణం. ఆ రాత్రి లండన్‌లో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబం వారికి ఫోను చేస్తే, తాము లోగడ వెళ్లిన దారిని ఓపికగా చెప్పారు. పటం గీసుకుని, చాలాసేపు నిద్రపట్టక కూర్చున్నాను. షేక్‌స్పియర్ ఇంటిని చూడాలని పద్దెనిమిదో ఏట అనుకున్నాను. మళ్లీ రావడానికి నాకు కాలం ఉంది. నాన్నగారికి ఆ మాట చెప్పగలనా?

పొద్దున లేచి ఆయన రైలు ప్రయాణానికి తయారై కూర్చున్నారు. "నీకు స్ట్రాట్‌ఫర్డ్ ముఖ్యం. ఆ రాయి ఎక్కడికీ పోదు" అన్నారు. "స్ట్రాట్‌ఫర్డ్ కూడా ఎక్కడికీ పోదు" అని, ఆయనను 18వ నంబరు బస్సు ఎక్కించాను.

ఈసారి దారి తప్పలేదు. రాతి మీద పేరు చదివాక నాన్నగారు చెప్పులు విడిచి, చేతులు జోడించి నిలబడ్డారు. ప్రసంగం ఏమైనా చేస్తారేమోనని చూశాను; చేయలేదు. పక్కన ఉన్న బల్ల మీద కూర్చుని, సంచిలో నుంచి నిఘంటువు తీసి, లోపలి అట్ట తెరిచారు. 1970 నాటి వరుస కింద ఆ రోజు తేదీ వేసి, 'కెన్సల్ గ్రీన్, లండన్' అని తెలుగులో రాశారు. ఆ తరువాత కలం నాకిచ్చి, "నువ్వు కూడా సంతకం పెట్టు. వాడేది నువ్వే కదా!" అన్నారు.

యాత్రకు బయలుదేరే పాఠకులు తప్పక జాబితా రాసుకోవాలి. పేర్లు సరిచూసుకోవాలి, బీమాలో నిజం రాయాలి, నెయ్యి ఇంట్లోనే వదలాలి, చూడబోయే చోటు ఏ మూల ఉందో ముందే తెలుసుకోవాలి. అయితే ఆ జాబితా పూర్తిచేసే ముందు, ఇంట్లో ఇంకా నోరు విప్పని మనిషి ఎవరైనా ఉన్నారేమో ఒకసారి అడిగి చూడండి. నా నలభై ఒక్క అంశాల్లో పందొమ్మిది అలాగే మిగిలాయి. స్ట్రాట్‌ఫర్డ్ టిక్కెట్లు రెండూ నిఘంటువులో భద్రంగా ఉన్నాయి. మొన్న ఒక మాట కోసం వెదుకుతుంటే కనిపించాయి. నాన్నగారు వాటిని చదువుతున్న పుటకు గుర్తుగా పెట్టుకున్నారు.