తాతయ్య అడిగిన కిరీటం

మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు తాతయ్యకి నా ఫోన్‌లో ‘మాయాబజార్’ పెట్టా. పాత బ్లాక్ అండ్ వైట్‌దే. రెండు పక్కలా నల్లటి పట్టీలు వస్తుంటే చిరాకేసి, రెండు వేళ్లతో లాగి స్క్రీన్ నిండా చేశా. వివాహభోజనం సీన్ వచ్చేసరికి తాతయ్య ఫోన్ వంక అనుమానంగా చూసి, ‘‘ఒరేయ్, ఘటోత్కచుడి కిరీటం ఏదిరా?’’ అన్నాడు.

నిజమే! ఆ సినిమా ఫ్రేము దాదాపు చదరం. మన ఫోన్లేమో పొడుగు. నిండుగా కనపడాలంటే పైనా కిందా కోత పడాల్సిందే. కావాలంటే మీరూ ట్రై చేసి చూడండి. నాలుక్కరుచుకుని మళ్లీ మామూలుగా పెట్టా.

అసలు నేనీ సినిమా మొదట చూసింది రంగుల్లో. 2010లో రంగులద్ది, సినిమాస్కోప్ చేసి విడుదల చేసినప్పుడు నాన్న తీసుకెళ్లాడు. స్కూలు పిల్లాణ్ని, ఈలలేశా. ఆ రంగులే లేకపోతే 1957 నాటి సినిమాకి నాలాంటివాళ్లు వెళ్లేవాళ్లా? అదే మాట తాతయ్యతో అంటే, ‘‘మంచిదేలే. కానీ ఆ పడవ పాటలో వెన్నెల చూడు’’ అన్నాడు. చూశా. కెమెరామన్ మార్కస్ బార్ట్‌లే నలుపుకీ తెలుపుకీ మధ్య ఉన్న ఛాయలతోనే ఆ వెన్నెలంతా కురిపించాడు. దాని మీద రంగు వేస్తే అది ఇంకెవరి వెన్నెలో అవుతుంది.

అలాగని పాత సినిమాల్ని పాడైపోనివ్వాలా? అక్కర్లేదు. సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలి’ నెగెటివ్ 1993లో లండన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో కాలింది. పెళుసుబారిన ఆ రీళ్లకు తేమ పట్టించి, చిరుగులు చేత్తో అతికి, పూర్తిగా పోయిన చోట వేరే కాపీల నుంచి తీసుకుని నింపారు. 2015లో సినిమా మళ్లీ తెర మీదికొచ్చింది. ఆ నలుపు తెలుపుల్లోనే, ఆ ఫ్రేములోనే.

ఇంతా చెప్పి నా తప్పు దాచుకోకూడదు. అదే పండక్కి, చనిపోయిన నాయనమ్మ పాత ఫొటోని ఓ యాప్‌లో ‘బాగుచేసి’ ఫ్రేము కట్టించి తెచ్చా. తాతయ్య చాలాసేపు చూసి, ‘‘బాగుందిరా’’ అని పక్కన పెట్టేశాడు. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. కిరీటం సంగతయ్యాక మళ్లీ చూస్తే నాయనమ్మ బుగ్గ మీది మచ్చ లేదు. యాప్ దాన్ని మరకనుకుంది.

మర్నాడు అసలు ఫొటో మళ్లీ స్కాన్ చేశా. బూజు మరకలు తీసేశా. మడత గీత తీసేశా. మచ్చ జోలికి వెళ్లలేదు.