వెలుతురులో వాటా

మగవాళ్ళకి యాభై దగ్గరపడుతుంటే ఏదో ఒక పిచ్చి పట్టుకుంటుందని మా పిన్ని అంటూండేది. ఒకాయనకి హోమియోపతి, ఇంకొకాయనకి గులాబీ మొక్కలు, మరొకాయనకి జాతకాలు. మావారికి సముద్రం పట్టుకుంది. విశాఖపట్నంలో ఉంటూ, సాయంత్రం పది నిమిషాలు నడిస్తే చాలు కావలసినంత సముద్రం కనిపిస్తుండగా, ఇంట్లో ఇంకో సముద్రం దేనికండీ అన్నాను. "అది అందరిదీ. ఇది మనది" అన్నారు. ఆస్తి మాట వచ్చాక మగవాళ్ళతో వాదించి లాభం లేదని ఊరుకున్నాను.

అలా మా హాల్లోకి ఒక గాజు తొట్టె వచ్చింది. రెండడుగుల పొడుగు, అడుగు వెడల్పు, అడుగు లోతు. ఇంచుమించు 55 లీటర్ల నీళ్ళు పడతాయి. మామూలు చేపల తొట్టెకీ దీనికీ చాలా తేడా ఉంది. ఇందులో లీటరుకి 35 గ్రాముల చొప్పున ఉప్పు కలపాలి. అదీ మనం కూరలో వేసుకునే ఉప్పు కాదు. సముద్రంలో ఉండే కాల్షియం, మెగ్నీషియం వగైరాలన్నీ కలిపి అమ్మే ప్రత్యేకమైన ఉప్పు. నీళ్ళు ఆవిరైపోయినా ఉప్పు అడుగునే ఉంటుంది కనక, తగ్గినప్పుడల్లా మంచినీళ్ళే పొయ్యాలట. ఈ సంగతి మావారు ఏదో రహస్యం చెప్పినట్టు చెప్పారు. మరిగి మరిగి ఉప్పెక్కిన పులుసులో నీళ్ళు పోసి సరిచెయ్యడం ఏ ఆడదానికి తెలీదు చెప్పండి!

ఆ నీళ్ళలోకి రెండు క్లౌన్ చేపలొచ్చాయి. నారింజరంగు ఒంటిమీద తెల్లటి పట్టీలు. సముద్రంలోంచి పట్టి తెచ్చినవి కావు, హేచరీలో పుట్టి పెరిగినవే. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థవాళ్ళు తమిళనాడులోని మండపంలో ఈ చేపల్ని పెంచే పద్ధతి ఎప్పుడో సాధించారు. ఈ జాతిలో నాకు నచ్చిన విశేషం ఒకటుంది. పుట్టడం అన్నీ మగవిగానే పుడతాయి. గుంపులో అన్నిటికన్నా పెద్దది ఆడదవుతుంది. పెత్తనమంతా దానిదే. అది చచ్చిపోతే, దాని మగడే ఆడదిగా మారి ఆ స్థానంలోకి వస్తుంది. ఇది చదివి వినిపిస్తే మావారు పేపరు అడ్డం పెట్టుకున్నారు.

చేపలమ్మిన కుర్రాడు, "పగడపు ముక్క కూడా ఉందండి, పెట్టుకుంటే తొట్టె కళే వేరు" అని గొంతు తగ్గించి చెప్పాడు. గొంతు తగ్గించాడంటేనే తెలియాలి. రాతి పగడాలని 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. చూడ్డానికి రాయిలా ఉన్నా అది ప్రాణి. దాన్ని తెంపి అమ్మడం, కొనడం నేరం. మావారు బాంకు ఉద్యోగి కనక చట్టమంటే భయం, నాకు ప్రాణమంటే భయం. ఇద్దరం ఏకాభిప్రాయానికొచ్చిన అరుదైన సందర్భాల్లో అదొకటి. పగడం వద్దు, సముద్రపు నాచు పెంచుకుందాం అన్నాం. అదైతే ఆకుపచ్చగా కంటికి ఇంపుగా ఉంటుంది, చేపల మలినాల్ని ఎరువులా పీల్చుకుని నీటిని శుభ్రంగానూ ఉంచుతుంది.

కాని నాచుకి వెలుతురు కావాలి. తొట్టెతో ఇచ్చిన దీపం తొట్టెలో చేపలు కనిపించడానికే గాని మొక్క బతకడానికి చాలదు. సముద్రపు తొట్టెల కోసం విదేశాల్లో చేసిన దీపాలు పదివేలు దాటుతున్నాయి. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్న మావాడు సెలవులకొచ్చి ఉన్నాడు. "రెండు వేలలో నేనే చేస్తాను నాన్నా" అన్నాడు. కొడుకు చదువుకి పెట్టిన డబ్బు మొదటిసారి ఫలించబోతోందని ఆయన పొంగిపోయారు.

ఆ రోజునించీ మా డైనింగ్ టేబిల్ మీద మేం భోంచెయ్యలేదు. అక్కడ చొక్కాగుండీలంత దీపాలు పన్నెండు వరసగా ఉండేవి. ఆరు తెల్లవి, నాలుగు నీలం, రెండు ఎరుపు. ఒక్కొక్కటీ చిన్న నక్షత్రంలాంటి అల్యూమినియం బిళ్ళకి అతికించి ఉంటుంది. దీపం చిన్నదే అయినా వేడి బాగా పుడుతుందట. ఆ వేడిని లాగెయ్యకపోతే దీపం ఆయుష్షు తరిగిపోతుందట. అందుకని వాటిని రెక్కలున్న అల్యూమినియం దిమ్మ మీద, మధ్యలో ఒక తెల్లటి ముద్ద పూసి బిగించాడు. పైన పాత కంప్యూటర్లోంచి తీసిన ఫాను. టంకం వేస్తుంటే ఇల్లంతా పొగ. అందులో పైన్ చెట్ల జిగురు ఉంటుందట. మా అత్తయ్యగారు పక్కగదిలోంచి, "ఈ వేళప్పుడు సాంబ్రాణి ఎవరు వేశారే?" అని కేకేశారు.

ఈ దీపాలకి నేరుగా కరెంటు ఇవ్వకూడదు. ఎంత కావాలో అంతే, ఎక్కువ తక్కువలు లేకుండా వడ్డించే డ్రైవరు అనే పెట్టె ఉండాలి. తెలుపూ ఎరుపూ ఒక డ్రైవరుకి, నీలం ఇంకో డ్రైవరుకి కలిపాడు. అన్నీ కలిపి ఒక పాతిక వాట్లు. నీళ్ళు చిందితే ఉప్పు పేరుకుని లోహాన్ని తినేస్తుందని దీపాల కింద పల్చటి అక్రిలిక్ పలక బిగించాడు. వైరు ప్లగ్గు కన్నా కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్ళేటట్టు కట్టాడు. వైరు వెంట నీటిబొట్టు జారినా ఆ వంపు దగ్గర నేలమీద పడుతుందేగాని ప్లగ్గులోకి పోదు. ఈ ఒక్క ఉపాయం మాత్రం మీరు కూడా గుర్తుంచుకోండి, వాషింగ్ మెషీను దగ్గర పనికొస్తుంది.

నీలం దేనికిరా అని అడిగాను. నీళ్ళు ముందుగా మింగేసేది ఎరుపునేనట. కొద్ది మీటర్లు దిగేసరికే ఎర్రటి వెలుగు మాయమవుతుంది. లోతుకి పోగలిగేది నీలమే. అందుకే సముద్రంలోని ప్రాణులు చాలావాటికి నీలపు వెలుగే అన్నం. తొట్టె లోతు అడుగే కనక, నాచు ఇష్టపడే ఎరుపు కూడా రెండు గింజలు వేశానన్నాడు. ఆ నీలం దీపం వెనక పెద్ద కథే ఉంది. ఎరుపు ఎల్.ఇ.డి. 1962లోనే వచ్చింది. నీలం మాత్రం మూడు దశాబ్దాలు ఎవరికీ లొంగలేదు. జపాన్‌లో అకసాకి, అమానో ఒకవైపు, నకమురా ఒకవైపు గాలియం నైట్రైడ్ అనే పదార్థంతో ఏళ్ళ తరబడి కుస్తీపట్టి 1990ల మొదట్లో సాధించారు. 2014లో ఆ ముగ్గురికీ భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఇవాళ మన ఇళ్ళల్లో వెలిగే తెల్లటి ఎల్.ఇ.డి. బల్బుల్లో చాలావాటి లోపల ఉన్నది నీలం దీపమే. దానిమీద పూసిన పసుపుపచ్చటి పూత వల్ల మనకి తెల్లగా కనిపిస్తుంది.

దీపం వెలిగింది. నిజం చెప్పాలంటే చాలా బావుంది. పొద్దున నీలం, పదింటికి తెలుపు, సాయంత్రం మళ్ళీ నీలం, ఆపైన చీకటి. అంతా టైమరు చూసుకుంటుంది. చేపలకీ నాచుకీ కూడా రాత్రి కావాలిట. ఒక్కసారిగా ఎక్కువ వెలుతురు పడితే తట్టుకోలేవని మొదటి వారాలు తగ్గించి పెట్టాడు. రాళ్ళ నీడ నాచు మీద పడకుండా దీపాన్ని అంగుళం అంగుళం జరిపాడు. తండ్రీ కొడుకులు సాయంకాలాలు కుర్చీలు వేసుకుని, నీడ ఎక్కడ పడుతోందో చూస్తూ కూచునేవాళ్ళు.

మా అత్తయ్యగారికి 72 ఏళ్ళు. ఆవిడ వచ్చి చూసి, "నీలం అంటున్నారు, ఏదర్రా? నాకు బూడిదరంగులా ఉంది" అన్నారు. వయసు పెరిగేకొద్దీ కంటి కటకం పసుపుబారి, నీలాన్ని లోపలికి రానివ్వదు. నల్లదారమూ ముదురు నీలందారమూ ఆవిడకి ఒకటే. కంటిపాప కూడా చిన్నదవుతుంది. ఇరవయ్యేళ్ళ కంటిలోపలికి వెళ్ళే వెలుతురులో ఇంచుమించు మూడోవంతే అరవయ్యేళ్ళ కంటిలోకి వెళుతుందట. ఆవిడ కాసేపు నిలబడి, "చేపలు అదృష్టవంతులు" అని వంటింట్లోకి వెళ్ళిపోయారు. ఎవరూ పట్టించుకోలేదు.

ఆ తరవాత వారానికి ఒక రాత్రి పదకొండింటికి అత్తయ్యగారు చెమటలు కక్కుతూ, చేతులు వణుకుతూ నన్ను లేపారు. మాట తడబడుతోంది. ఆవిడకి షుగరూ బి.పి.యూ రెండూ ఉన్నాయి. పరుగెత్తి పంచదార నీళ్ళు తాగించాను. పావుగంటకి కాస్త తేరుకున్నారు. మావారు డాక్టరుకి ఫోను చేస్తే, రాత్రంతా కనిపెట్టి ఉండమనీ, తగ్గకపోతే వెంటనే తీసుకురమ్మనీ చెప్పాడు. రాత్రి బి.పి. మాత్ర అనుకుని, సాయంత్రం వేసుకున్న షుగరు మాత్రే మళ్ళీ వేసుకున్నారని తెలిసేసరికి తెల్లవారింది. రెండూ చిన్నవే, రెండూ తెల్లవే, రెండు రేకులూ వెండిరంగే. మందుల డబ్బా ఉండేది వంటింటి గట్టు మూల.

"వయసు మీద పడింది, అమ్మకి మతిమరుపు వచ్చేసింది" అన్నారు మావారు కళ్ళు తుడుచుకుంటూ. ఆయన బాధ నిజమే. కాని నాకు ఆ మాట నచ్చలేదు. ఆ సాయంత్రం ఏడింటికి ఆయన్నీ, మావాడినీ వంటింట్లో గట్టు ముందు నిలబెట్టాను. చేతికో మాత్రల రేకు ఇచ్చాను. "చదవండి" అన్నాను. ఆయన కళ్ళజోడు పైకెత్తారు, కిందికి దించారు, రేకు ఇటూ అటూ తిప్పారు. "లైటు వెయ్యవేమిటి?" అన్నారు. "వేసే ఉందండీ" అన్నాను.

మా వంటింట్లో దీపం గది మధ్యలో కప్పుకి ఉంది. గట్టు గోడవైపు ఉంది. పనిచేసే మనిషి ఈ రెంటికీ మధ్యన, దీపానికి వీపు పెట్టి నిలబడాలి. కూర తరిగినా, బియ్యంలో రాయి ఏరినా, మాత్ర చూసుకున్నా, తన నీడ తన చేతులమీదే పడుతుంది. హాల్లో నాలుగు దీపాలున్నాయి. వీధివైపు రెండున్నాయి. వంటింటికి మాత్రం ఇల్లు కట్టిన మేస్త్రీ ఒక్కటి చాలునన్నాడు, అందరూ చాలునన్నారు. నేను ఇంతకుముందు రెండు మూడుసార్లు అడిగితే, "చూద్దాంలే" అన్న జవాబే వచ్చింది. మీ ఇంట్లో కూడా ఇవాళ సాయంత్రం ఓసారి చూడండి. మీ నీడ ఎక్కడ పడుతోందో.

మావాడు ఏమీ మాట్లాడలేదు. మర్నాడు పొద్దున ఒక కాగితం, టేపు పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. "అమ్మా, తరిగేటప్పుడు ఎక్కడ నిలబడతావు? ఏ చేత్తో తరుగుతావు? రోజుకి ఎన్ని గంటలు ఉంటావు ఇక్కడ? నాయనమ్మ ఎక్కడ కూచుని బియ్యం ఏరుతుంది?" అని ఒక్కొక్కటీ అడిగి రాసుకున్నాడు. ఇరవై మూడేళ్ళుగా ఆ గదిలో వండుతున్నాను. ఎంత ఉప్పు వేశావని అడిగారు, ఎప్పటికవుతుందని అడిగారు. ఎక్కడ నిలబడతావని అడిగినవాళ్ళు లేరు. ఉల్లిపాయలు తరగడం లేదు కనక, కళ్ళు ఎందుకు చెమర్చాయో వాడికి చెప్పుకోలేక గిన్నె కడగడం మొదలెట్టాను.

గట్టుమీది అలమర అడుగున, ముందుకు వచ్చేటట్టు సన్నటి అల్యూమినియం పట్టీ బిగించాడు. అందులో వరసగా తెల్లటి దీపాలు. రంగులు ఉన్నవి ఉన్నట్టు కనిపించే రకం ఏరి తెప్పించాడు. ఆవిరి తగలకుండా పైన పలక, వైరుకి ఆ వంపు మామూలే. అత్తయ్యగారు కూచునే చోట గోడకి ఇంకొకటి పెట్టాడు. రెంటికీ కలిపి అయిన ఖర్చు చేపల దీపానికి అయినదాంట్లో సగం కూడా లేదు. మందుల డబ్బాలో షుగరు రేకుకి ఎర్రదారం కట్టాను. ఎంత వెలుతురున్నా ఇంకో గుర్తు ఉండడం మంచిది.

దీపం వేసిన మొదటి రోజు అత్తయ్యగారు చేటలో బియ్యం పోసుకుని, "ఇన్నాళ్ళూ మనం ఇవన్నీ తింటున్నామా!" అని నాలుగు రాళ్ళూ, రెండు పురుగులూ ఏరి మావారి పళ్ళెం పక్కన పెట్టారు. ఆయన గతుక్కుమన్నారు. ఆవిడకి మతిమరుపన్న మాట ఆ తరవాత ఆ ఇంట్లో వినపడలేదు.

నాచు బాగా ఎదుగుతోంది. నెలకోసారి కత్తిరించాల్సి వస్తోంది. మావాడు సెలవులైపోయి కాలేజీకి వెళుతూ, "ఇంకేమైనా చెయ్యాలా అమ్మా?" అని అడిగాడు. చేపల దీపానికి రాత్రి తొమ్మిదింటికల్లా తనంతట తనే ఆరిపోయే టైమరు పెట్టావు కదా, వంటింట్లో దీపానికీ ఒకటి పెట్టరా అన్నాను. నవ్వాడు. "అది నాన్నని అడగాలమ్మా" అన్నాడు.