ధనుర్మాసంలో తీగ గులాబీ కబుర్లు

ధనుర్మాసం వచ్చేసింది. మా వీధిలో వాకిళ్లన్నీ ముగ్గులతో నిండిపోతున్నాయి. గొబ్బెమ్మల మీదికి గుమ్మడిపూలు ఎవరి పాదు నుంచి తేవాలో పిల్లలు అప్పుడే మంతనాలాడుతున్నారు. దసరా నుంచీ గుమ్మాలకు తోరణాలిచ్చిన బంతులు ఆఖరి పూలు పూస్తున్నాయి, చామంతులు ఇప్పుడే ఊపందుకున్నాయి. పక్కింటి పిన్నిగారి చిక్కుడు పాదు ప్రహరీ దాటి మా వైపు వంగింది. "ఇటు కాసినవి మీవే, మొహమాటపడకుండా కోసుకోండి" అని ఆవిడ గోడ మీంచే చెప్పేశారు. ఇంత హడావిడిలోనూ నా చూపంతా గేటు పక్క గోడ మీదే. అక్కడ ఎర్ర గులాబీ తీగ పూతకొచ్చింది.

హైదరాబాదులో గులాబీకి అసలు కాలం ఇదే. అక్టోబరులో వానలు తగ్గాక కొమ్మలు కత్తిరిస్తే ఆరేడు వారాలకు మొగ్గ విచ్చుతుంది. రాత్రి చలి, పగటి నీరెండ రెండూ కుదిరిన ఈ రోజుల్లో పువ్వు తొందరపడకుండా తెరుచుకుంటుంది, రేకులు మందంగా ఉంటాయి, రంగు చిక్కబడుతుంది. అదే మొక్కకు ఏప్రిల్‌లో పూసిన పువ్వు చిన్నదైపోతుంది, మధ్యాహ్నానికి రేకుల అంచులు మాడి నల్లబడతాయి. ముదురు ఎరుపు రకాలకు ఈ బాధ మరీ ఎక్కువ. అందుకే ఎర్ర గులాబీ ఏది కొనాలో తేల్చుకోవడానికి డిసెంబరు, జనవరి నెలల్ని మించినవి లేవు.

పట్నంలో ఇంటి ముందు నాలుగడుగుల మట్టి మిగిలితే అదే తోట. అంత చోటులో పది కుండీలు ఇరికించడం కన్నా వాసనున్న ఎర్ర తీగ గులాబీని ఒక్కదాన్ని నేలలో పెట్టుకోవడం మేలని నా గట్టి నమ్మకం. నేల మీద దానికి కావలసింది రెండడుగుల గుంత. మిగతా కాపురమంతా గోడ మీదే. పైగా పువ్వు మన ముఖం ఎత్తున పూస్తుంది. వాసన చూడటానికి వంగక్కర్లేదు, పక్కనుంచి నడిచి వెళ్లినా చాలు.

వాసనున్న అని ఊరికే అనలేదు. బొకేల్లో వచ్చే పొడుగు కాడల ఎర్ర గులాబీల్లో చాలావాటికి పరిమళం ఉండదు. కాడ పొడవు, రంగు, పెట్టెల్లో ప్రయాణం చేసినా వాడకుండా ఉండటం, ఇవే చూసుకుంటూ తరతరాలుగా ఎంపిక చేస్తూ వచ్చారు. ఆ దారిలో వాసన జారిపోయింది. దీని వెనక సంగతిని ఫ్రాన్స్‌లో సెయింట్ ఎతియెన్ శాస్త్రవేత్తల బృందం 2015లో బయటపెట్టింది. వాళ్లు ఘుమఘుమలాడే పాపా మిలాండ్‌ను, వాసన లేని రూజ్ మిలాండ్‌ను పక్కపక్కన పెట్టి పరిశీలించారు. రెండూ ఎర్ర గులాబీలే. జెరానియాల్ అనే పరిమళ ద్రవ్యం తయారవడానికి తోడ్పడే ఒక ఎంజైము తాలూకు జన్యువు మొదటి దాని రేకుల్లో చురుగ్గా పనిచేస్తోంది, రెండోదాంట్లో దాదాపు మూగబోయింది. అంటే వాసన లేని రకాన్ని ఎంత ఎరువు వేసి పెంచినా అది పరిమళించదు. కొనేటప్పుడే ముక్కుకు పని చెప్పాలి.

నన్నడిగితే ఎరుపులో రారాణి క్రిమ్సన్ గ్లోరీ. జర్మనీలో కోర్డెస్ వాళ్లు 1935లో విడుదల చేశారు. సువాసన గల గులాబీలకు అమెరికన్ రోజ్ సొసైటీ ఇచ్చే గ్యాంబుల్ పురస్కారం మొట్టమొదట, 1961లో, దీనికే దక్కింది. దీని మెడ కాస్త బలహీనం, పువ్వు బరువుకు కాడ వాలిపోతుంది. పొద మొక్కకు అది లోపమని రాస్తారు. తీగ రకంలో అదే వరం. పైన పూసిన పువ్వు కిందికి, అంటే మన వైపుకు చూస్తుంది! అంతకన్నా పాతది 1919 నాటి ఎత్వాల్ ద ఒలాండ్, అదీ మంచి పరిమళమే. చోటు మరీ తక్కువైతే ఇటలీలో పుట్టిన డాన్ జువాన్ ఉంది. ఎనిమిది, పదడుగులకు మించి పోదు, వెచ్చటి ఊళ్లలోనూ బాగానే పూస్తుంది.

ఈ ఎరుపు వెనక మన దేశపు గడప కూడా ఒకటుంది. యూరప్ పాత గులాబీల్లో ఎరుపు అనిపించేవి వాడే కొద్దీ ఊదారంగుకు తిరిగేవి. పైగా చాలామటుకు ఏడాదికి ఒక్కసారే పూసేవి. పద్దెనిమిదో శతాబ్దం చివర చైనా జాతి ఎర్ర గులాబీ ఒకటి కలకత్తా నుంచి ఈస్టిండియా కంపెనీ ఓడలో ఇంగ్లండ్ చేరి, గిల్బర్ట్ స్లేటర్ అనే ఆయన తోటలో పూసిందని చెబుతారు. నేటి ఎర్ర గులాబీల చిక్కటి రంగులో, మళ్లీ మళ్లీ పూసే గుణంలో ఆ చైనా గులాబీల పాలు ఉంది.

తీగల మాట వచ్చింది కాబట్టి వీరరాఘవన్ గారిని తలుచుకోకుండా ఉండలేను. ఆంధ్రప్రదేశ్ క్యాడర్‌లో ఐ.ఏ.ఎస్. అధికారిగా చేసి, ముందే ఉద్యోగం వదిలి కొడైకెనాల్‌లో స్థిరపడ్డారు ఎం.ఎస్. వీరరాఘవన్. చలిదేశాల కోసం పుట్టించిన గులాబీలు మన ఎండల్లో ఎందుకు అవస్థపడాలన్నది ఆయన పట్టుదల. మణిపూర్ కొండల్లో చెట్లెక్కి పాకే రోజా జైగాంటియా అనే అడవి గులాబీతో సంకరాలు చేసి వేడికి తట్టుకునే రకాలు తెచ్చారు. అందులో ఒక పసుపు తీగ గులాబీ పేరు గోల్డెన్ త్రెషోల్డ్. హైదరాబాదులో సరోజినీ నాయుడు గారి ఇంటి పేరూ అదే.

ఇక అసలు పని. గులాబీ తీగకు నులితీగలు ఉండవు, చిక్కుడులా చుట్టుకోవడం దానికి రాదు. మనమే కట్టాలి. గోడకు అడుగు దూరంలో నాటి, గోడ మీద అడుగున్నరకొక వరసగా ఇనుప తీగ లాగి, కొమ్మల్ని పురికొసతోనో పాత నూలు చీర పేలికలతోనో వదులుగా కట్టాలి. బిగించి కడితే కొమ్మ లావెక్కాక కోసుకుపోతుంది. నిటారుగా పైకి పోనివ్వకండి, విసనకర్ర పుల్లల్లా అటూ ఇటూ పరిచి, వీలైనంత అడ్డంగా పడుకోబెట్టండి. కొమ్మ నిలువుగా ఉంటే దాని కొసలో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కిందికి దిగుతూ పక్క కళ్లను లేవనివ్వదు. అప్పుడు కొస మీద మాత్రమే నాలుగు పూలు పూస్తాయి, అవీ మేడ మీదివాళ్లకే కనబడతాయి. అడ్డంగా వంచితే ఆ పెత్తనం సడలి కణుపు కణుపునా చిగురు లేస్తుంది, ప్రతి చిగురు చివరా మొగ్గ కడుతుంది. లేత కొమ్మ అయితేనే విరగకుండా వంగుతుంది కాబట్టి, పిలక బలంగా సాగిన వారం పది రోజుల్లోనే మొదటి కట్టు వేసెయ్యాలి.

కత్తెర దగ్గరే చాలామంది తొందరపడతారు. పొద గులాబీలో ఎప్పుడో ఒక కొమ్మ ఉన్నట్టుండి పొడుగ్గా సాగుతుంది, దాని కన్ను తీసి అంటు కడితే తీగ రకం వస్తుంది. క్రిమ్సన్ గ్లోరీకి, పాపా మిలాండ్‌కు తీగ రూపాలు అలా వచ్చినవే. లేత వయసులో వాటిని మొదలంటా నరికితే మళ్లీ పొదగా మారిపోయే ప్రమాదముంది. మొదటి రెండేళ్లు ఎండుకొమ్మలు తీసి ఊరుకోండి. తర్వాత కూడా పెద్ద కొమ్మల్ని ఉంచి, పక్క కొమ్మల్ని మాత్రం రెండు మూడు కళ్లకు కురచ చేస్తే చాలు. మొదటి ఏడాది పూలు పలచగా ఉంటే మొక్కను తిట్టకండి, అది ముందు వేళ్లూ కొమ్మలూ కూర్చుకుంటోంది. అంటు కింద నుంచి వేరే పోలిక ఆకులతో పిలక లేస్తే అది వేరుమొక్కది. మట్టి తీసి, పుట్టిన చోటనుంచే పీకెయ్యాలి. వదిలేస్తే ఏడాది తిరిగేసరికి గోడంతా నాటు గులాబీయే.

చోటు ఎంచుకునేటప్పుడు తూర్పు ఎండ తగిలే గోడ చూడండి. ఐదారు గంటల ఎండ తప్పనిసరి. పడమటి గోడ మే నెలలో పెనంలా కాలుతుంది, లేత చిగుళ్లు నిలవవు. గుంతలో మాగిన పశువుల ఎరువు, రెండు గుప్పిళ్ల వేపపిండి, కాస్త ఎముకల పిండి కలపండి. మా వైపు బోరునీళ్లు ఉప్పదనంగా ఉంటాయి, ఈనెలు పచ్చగానే ఉండి ఆకు పసుపెక్కుతుంది. వాననీళ్లు పట్టి పోసినప్పుడు తేరుకుంటుంది.

ఈ చలికి బూడిద తెగులు వస్తుంది. లేత ఆకుల మీద, మొగ్గ మెడ మీద తెల్లటి పొడి కనబడగానే నీటిలో కరిగే గంధకం లీటరుకు మూడు గ్రాములు కలిపి సాయంత్రం పిచికారీ చేస్తే ఆగుతుంది. ఆకుల అంచున చక్కటి అర్ధచంద్రాల్లా కోసి ఉంటే మాత్రం మందు జోలికి పోకండి. అది ఆకు కత్తిరించే తేనెటీగ పని. గూడు పరుచుకోవడానికి ఆ ముక్కలు పట్టుకెళుతుంది, మొక్కకు నష్టమేమీ లేదు.

మొక్కల మేళాల రోజులు దగ్గరపడ్డాయి. రాజమండ్రి వైపు వెళ్లేవాళ్లకు కడియపులంక నర్సరీలు దారిలోనే ఉన్నాయి, పండక్కి ఊరెళ్లే కారు డిక్కీలో ఒక మొక్కకు చోటుంచండి. పేరు చీటీ మీద నమ్మకం పెట్టుకోకుండా పూసిన మొక్కనే అడగండి. తెల్లవారుజామున చలికి పువ్వు వాసన విప్పదు, ఎనిమిది తొమ్మిది గంటలకు ఎండ తగిలాక ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. అంటు కట్టిన చోటు గట్టిగా, మానిన గుర్తుతో ఉండాలి. కనీసం మూడు బలమైన కొమ్మలుండాలి. సంక్రాంతి వెళ్లగానే నాటేస్తే, ఎండలు ముదిరేలోపు వేరు పట్టుకోవడానికి నెలన్నర దొరుకుతుంది.