అమ్మ ఇంటి ఉత్తరపు సందులో ఏం నాటాలి

నంద్యాల,
మార్చి.

నేస్తమా,

నీ జాబు అందింది. మాంచెస్టర్‌లో నీ పెరటి గోడ కింద పెంచుతున్న మొక్కల పేర్లన్నీ చదివాను. హోస్టా, ఆస్టిల్బీ, రకరకాల ఫెర్నులు. ఇక్కడ అమ్మ వంటింటి వెనక సందులో కూడా అవే పెట్టిద్దామంటున్నావు. వద్దు.

ఆ సందు నేను రోజూ చూసేదే. బోకులు తోమిన నీళ్లన్నీ అటే పారతాయి. నాపబండ లేపితే కింద మన్ను నడి ఎండాకాలంలో కూడా చల్లగా, చేతికి అంటుకునేట్టు ఉంటుంది. తడీ ఉంది, నీడా ఉంది, నీ మొక్కలు అడిగేవి ఆ రెండే. కానీ మన దగ్గర మన్నులో తడి ఉన్నా గాలిలో ఉండదు. మే నెలలో 43, 44 డిగ్రీల వడగాలి కొట్టిందంటే, వేళ్లు నీళ్లలో ఉన్నా ఫెర్ను ఆకు అంచుల నుంచి మాడుకొస్తుంది. బోరునీళ్ల ఉప్పు దానికి తోడవుతుంది. హోస్టాకైతే చలికాలమంతా గట్టి చలిలో నిద్రపోతే తప్ప మళ్లీ సరిగా చిగురు రాదు. నంద్యాలలో ఆ చలి ఎక్కడిది? కడియం నుంచి లారీల్లో వచ్చే ఆకు మొక్కల సంగతీ ఇంతే. గోదావరి తేమలో పెరిగినవి, ఇక్కడ తొలి ఎండాకాలమే దాటలేవు.

ఇంకో సంగతి, చాలామంది గమనించనిది. ఆ సందు ఇంటికి ఉత్తరాన ఉంది కాబట్టి ఎప్పుడూ నీడే అనుకుంటున్నావు. నీ ఊళ్లో సూర్యుడు ఏడాది పొడవునా మధ్యాహ్నం దక్షిణానే ఉంటాడు, అందుకే అక్కడ ఉత్తరపు గోడ కింద మధ్యాహ్నపు ఎండ పడదు. మనం పదిహేనున్నర డిగ్రీల అక్షాంశం మీద ఉన్నాం. మే మొదటి వారంలో సూర్యుడు నడినెత్తిన దాటి ఉత్తరానికి జరుగుతాడు, మళ్లీ ఆగస్టు రెండో వారానికి గానీ వెనక్కి రాడు. అంటే ఎండ నిప్పులు చెరిగే రోజుల్లోనే ఆ సందులోకి నేరుగా ఎండ పడుతుంది. కాబట్టి గోడ ఇచ్చే నీడను నమ్ముకోకూడదు. ముందు నీడనిచ్చే చెట్టు నాటాలి, ఆ తర్వాతే దాని కింద బతికేవి.

ఇది నేను కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. కడప దగ్గర చెన్నూరు తమలపాకు తోటలు గుర్తున్నాయా? ఆ రైతులు ముందు అవిశ గింజలు వేస్తారు. అవి ఏపుగా లేచాకే తీగ నాటి, అవిశ మానుకే పాకిస్తారు. తీగకు ఊతం అదే, గొడుగూ అదే, వడగాలికి అడ్డమూ అదే. అంత ఎండల సీమలో అంత సుకుమారమైన ఆకును పెంచి దూరప్రాంతాలకు పంపిన నేర్పు వాళ్లది. తడి, నీడ గురించి మనం నేర్చుకోవాల్సింది వాళ్ల దగ్గరే అని నా గట్టి నమ్మకం.

అయితే తమలపాకుకు తడి కావాలి గానీ నీళ్లు నిలవకూడదు. మనది నల్లరేగడి, ఒక వాన పడితే రోజుల తరబడి బురద వదలదు. మొదలు దగ్గర నీళ్లు నిలిస్తే వేరు కుళ్లి, పచ్చని తీగ కాస్తా వాలిపోతుంది. అందుకని గోడవారగా ఎర్రమన్ను, ఇసుక, మాగిన పెంట ఎరువు కలిపి జానెడు ఎత్తు కట్ట వేయించాలి. కట్ట మీద అవిశ, దానికి తమలపాకు. అవిశ ఆకూ పువ్వూ అమ్మ కూర వండుకుంటుంది.

నీళ్లు పారే పల్లంలో అరటి పెట్టిద్దాం. మహానంది కోనేటి నుంచి వచ్చే ఊటనీళ్లతో అరటితోటలు ఎట్లా పెరిగాయో చిన్నప్పటి నుంచీ చూస్తున్నాం కదా. ఒక్క పిలక చాలు, ఏడాదిలో గుబురవుతుంది. సబ్బునీళ్లకు మెట్టతామర, అరటి తట్టుకుంటాయి. పుదీనా, సరస్వతాకు మాత్రం ఆ నీళ్లకు దూరంగా, మంచినీళ్లు చేరే పక్కన వేయాలి, తినేవి కదా.

అరటి నీడలో పసుపు. మైదుకూరు రకం మనదే, విత్తనానికి వెతుక్కోనక్కర్లేదు. జూన్‌లో కొమ్ము పెడితే సంక్రాంతి దాటాక ఆకు ఎండుతుంది. నీ హోస్టా చలికి నిద్రపోతే మన పసుపు ఎండకు నిద్రపోతుంది, మే నెల దానికి పట్టదు. ఆ విశాలమైన ఆకులు చూస్తే నువ్వు హోస్టాను మరిచిపోతావు.

చేమ వేద్దామని అమ్మకు ఆశ. వేద్దాం గానీ తలుపు దగ్గర వద్దు. గుబురులో పురుగూ పుట్రా చేరతాయి, అమ్మ చీకట్లో చెంబు పట్టుకుని అటే వెళ్తుంది. సందు చివర వేసి, నడిచే బండల పక్కన జానెడు మేర ఖాళీగా ఉంచుదాం. నీళ్లు ఎక్కడా గుంట కట్టకుండా వాలు చూసుకుంటే దోమల బాధ కూడా తగ్గుతుంది.

అవిశ గింజలు ఈ వారమే నేను వేస్తాను. నువ్వు చేయాల్సింది ఒక్కటే. ఇవాళే అమ్మకు ఫోన్ చేసి, గోడవార బండలు లేపించడానికి ఒప్పించు. నేను చెబితే ఇల్లు పాడవుతుందంటోంది, నీ మాటైతే వింటుంది.

ఇట్లు,
నీ నేస్తం