బ్రౌను బంగళా

ఒక గృహమునకు ఆయువు గోడలవలన కలుగునా, అందు జరిగిన పనివలన కలుగునా యను ప్రశ్నకు కడప పట్టణమున ఒక సమాధానము కలదు. కర్నూలు నడుమ నిలిచిన కొండారెడ్డి బురుజును మా విద్యార్థులెల్లరు ఎఱుగుదురు. కడపలోని బ్రౌను బంగళాను గూర్చి యడిగినచో చెప్పగలవారు ఒకరిద్దఱే.

చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1798లో కలకత్తాయందు జన్మించి, 1820లో కంపెనీ యుద్యోగిగా కడపకు వచ్చెను. పిమ్మట ఇచ్చట బంగళా కొని, తన జీతమునుండి పండితులకును లేఖకులకును వేతనములిచ్చి, తాళపత్రప్రతులను తెప్పించి, ఒకదానితో నొకటి సరిచూపించి, శుద్ధప్రతులు వ్రాయించెను. 1829లో వేమన పద్యములను ఆంగ్లానువాదముతో అచ్చువేయించెను. 1852లో ఆయన తెలుగు ఇంగ్లీషు నిఘంటువు వెలువడెను. 1884లో ఆయన లండనులో మరణించెను. చేర్చిన ప్రతులు మదరాసు ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారమున నిలిచినవి. కడప బంగళా మాత్రము పాడుపడి మొండిగోడలు మిగిలెను.

పరప్రభుత్వపు టుద్యోగిని మనము స్మరింపనేల యని కొందఱందురు. ఈ యాక్షేపణము త్రోసివేయదగినది కాదు. బ్రౌను కంపెనీ కొలువువాడే. కాని ఆ బంగళాలో కూర్చుండి తాటాకులు విప్పినవారు మన పండితులు. అచ్చట బ్రదికి బయటపడినది మన భాష. మేము గౌరవించునది ఆ పనిని.

ఈ మాటను చేతలలో చూపినవారు కడపలో ఆంగ్లోపన్యాసకులుగా నుండిన జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు. ఆయన బంగళా యున్న చోటనే గ్రంథాలయము వెలయవలెనని సంకల్పించి, ఇల్లిల్లు తిరిగి చందాలు కూర్చి, పుస్తకములు యాచించిరి. 1987లో పునాదిరాయి పడినది. జనులాయనను బ్రౌను శాస్త్రి యనియే పిలిచిరి. 2014లో ఆయన కీర్తిశేషులైరి. నేడా మందిరము యోగి వేమన విశ్వవిద్యాలయపు అధీనమున భాషాపరిశోధన కేంద్రమై, తాళపత్రములను భద్రపఱచుచు, కడప మండలపు గ్రామచరిత్రములైన మెకంజీ కైఫీయత్తులను అచ్చొత్తించినది. రాతివిగ్రహ మొక్కటి నిలిపి యూరకుండినచో ఈ ఫలము దక్కియుండునా?

ఇట్టి మందిరముల యావశ్యకత మాకు పుస్తకములవలన గాక వఱదవలన తెలిసినది. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి కర్నూలు పట్టణమును ముంచినప్పుడు, మా పెదతండ్రిగారి యింట మూడు తాటాకుకట్టలుండెను. రెండు బురదనీట నాని, ఆరవేయగా ఆకులంటుకొని పోయినవి. ఎత్తైన దేవుని గూటిలో నున్న మూడవది మిగిలెను. దానికి మా పెదతల్లిగారు ఏటేట సరస్వతీపూజనాడు పసుపుకుంకుమ లర్పించుచుండిరి. ఇంటిలో నొక్కరును చదివినవారు లేరు. దానిని కడపకు పంపుదమని మేమనగా, దేవుని సొత్తు గడప దాటరాదని ఆమె కన్నీరు పెట్టుకొనిరి. మేము బలవంతపెట్టలేదు. పాత వ్రాత చదువనేర్చిన వృద్ధపండితు నొకరిని ఇంటికి పిలిచి, ఆమె యెదుటనే చదివించితిమి. అందున్నది పురాణము కాదు, స్తోత్రము కాదు, పశువైద్యము. ఆమె కొంతసేపు మాటాడలేదు. పిదప, "నాయనా, ఎనుములకు మందు చెప్పేదాన్ని గూట్లో పెట్టి ఇన్నేండ్లు మొక్కితిమి. ఎవరైనా చదివింటే ఎన్ని గొడ్లు బ్రతికిండునో! చదివేవాళ్ల దగ్గరికే పంపు" అనిరి.

ఆ మాటలో వేయి యుపన్యాసముల సారమున్నది. విద్యను పూజించుట సులభము, చదువుట కష్టము. పూజకు పాత్రమైనదెల్ల చదువునకు దూరమగుట మన గృహములలో నొక పాతరోగము. ఆ కట్టకు ముందుగా ఆకాకునకు ఛాయాచిత్రములు తీయించి ఇంట నుంచుకొని, మూలమును కడపకు పంపితిమి.

పాఠకమహాశయులారా, మీ యటకలపై ఏమున్నదో ఈ నెలలో నొకసారి దింపి చూడుడు. దుమ్ము మెత్తని గుడ్డతో తుడువుడు. అంటిన యాకులను బలిమిని లాగకుడు. చదువగలవారిని పిలువుడు, ఇంటి స్త్రీలను, పిల్లలను దగ్గఱ కూర్చుండబెట్టి వినిపింపుడు. ఇచ్చుటయా, ఉంచుకొనుటయా యనునది ఆ పిమ్మట అందఱును గూడి నిర్ణయింపవచ్చును.