జాడీలో జావా

ఆవకాయ కలపడం ఒక ఎత్తయితే, నూనె కారకుండా మూటకట్టి అమెరికాలో ఉన్న పిల్లలకి పంపడం మరో ఎత్తు. సాఫ్ట్‌వేర్‌కీ ఈ తంటా తప్పదు.

డీటీపీ రోజుల్లో ‘అను’ ఫాంట్లలో కొట్టిన తెలుగు మన దగ్గర బోలెడుంది. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే అక్షరాల బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చే చిన్న ప్రోగ్రాం జావాలో రాశాను. ఆన్‌లైన్‌లోనూ మార్చుకోవచ్చు గానీ, అచ్చుకాని రాతల్ని ముక్కూ మొహం తెలియని వెబ్‌సైటుకి అప్పగించడానికి చాలామందికి మనసొప్పదు. నా ప్రోగ్రాంకి ఇంటర్నెట్ అక్కర్లేదు. బటన్లూ బొమ్మలూ కూడా ఉండవు. నల్ల తెర మీద ఒక్క ఆదేశం ఇస్తే ఫోల్డర్లోని ఫైళ్లన్నీ మారిపోతాయి.

మొదట అడిగింది మా తెలుగు మాస్టారు. ఆయన ఇరవై ఏళ్ల వ్యాసాలు ఆ ఫాంట్లలోనే చిక్కుకుపోయాయి. టైపు చేసిన డీటీపీ ఆయన కాలం చేశారు. కాగితం ప్రతులు చెదలపాలయ్యాయి. మిగిలినవి ఆ ఫైళ్లే.

జావా ప్రోగ్రాంని మూటకట్టే పాత పద్ధతి జార్ ఫైలు. నోకియా ఫోన్లలో ఆటలు ఎక్కించుకున్నవారికి ఈ పేరు పరిచయమే. ఒకసారి రాస్తే ఎక్కడైనా నడుస్తుందని జావా 1990ల నుంచీ చెప్పుకునే గొప్ప. నడుస్తుంది, అక్కడ జావా ఉంటే! 2018లో జావా 11తో ఒరాకిల్ విడి రన్‌టైమ్ ఇవ్వడం మానేసింది. ఒట్టి జార్ పంపితే మాస్టారు దాని మీద క్లిక్ చేస్తారు. విన్‌రార్ ఉంటే లోపలి ఫోల్డర్ల పట్టీ చూపిస్తుంది. అంతే సంగతులు.

గ్రాల్‌వీఎం చూస్తే నాలాంటివాళ్లకి నోరూరుతుంది. ప్రోగ్రాంని ముందే యంత్రభాషలోకి మార్చి ఒకే ఫైలుగా ఇస్తుంది, మిల్లీసెకన్లలో మొదలవుతుంది. కానీ నడిచేటప్పుడు క్లాసుల్ని వెతుక్కునే లైబ్రరీలుంటే వాటి చిట్టా ముందే రాసివ్వాలి. ఒక్కటి తప్పినా మన దగ్గర కిమ్మనదు, వాడేవాళ్ల దగ్గర మొండికేస్తుంది. పైగా విండోస్‌ది విండోస్ మీదే, లైనక్స్‌ది లైనక్స్ మీదే తయారుచేయాలి. మామూలు ఇన్‌స్టాలర్ కావాలంటే జేప్యాకేజ్ ఉంది, 2021లో జావా 16తో స్థిరపడింది. అయితే మాస్టారు కూర్చునేది గ్రంథాలయం కంప్యూటర్ ముందు. అక్కడ కొత్తవి ఎక్కించడానికి అనుమతి లేదు.

చివరికి జేలింక్ వైపు మొగ్గాను. 2017లో జావా 9తో వచ్చింది. మొత్తం జావా నుంచి మన ప్రోగ్రాంకి కావలసిన భాగాలే ఏరి చిన్న రన్‌టైమ్ తయారుచేస్తుంది. దాన్నీ ప్రోగ్రాంనీ జిప్‌లో పెట్టాను. 40 ఎంబీ దాటింది. కిలోబైట్ల ప్రోగ్రాంకి ఇంత బరువా అని తోటి ఇంజినీర్లు ముఖం చిట్లిస్తారు, చిట్లించనివ్వండి. పెన్‌డ్రైవ్‌కి 40 ఎంబీ ఒక లెక్కా? వాళ్లకి జార్ విడిగా పెట్టాను. జిప్‌లో ఒక బ్యాచ్ ఫైలు కూడా ఉంది. ఫోల్డర్ని మౌస్‌తో లాగి దాని మీద వదిలితే చాలు, ఆదేశం టైపు చేయక్కర్లేదు.

మాస్టారు మొదటి రోజే నలభై వ్యాసాలు మార్చుకున్నారు. మిగతావి సీడీల్లో ఉన్నాయి. గ్రంథాలయం కంప్యూటర్‌కి సీడీ పెట్టే చోటే లేదట.