అరకు కొండల్లో ఒక ఊట

విశాఖపట్నం నుంచి కిరండూల్ వెళ్ళే పాసింజరు బండి ఉదయాన్నే బయలుదేరుతుంది. మేము ఫజ్ర్ నమాజు ముగించుకొని స్టేషనుకు చేరేసరికే కిటికీ పక్క సీట్లు పర్యాటకులతో నిండిపోయాయి. మా ఎదుటి బల్లపై ఒక ఉపాధ్యాయిని, తొమ్మిదో తరగతి చదువుతున్న ఇద్దరు గిరిజన బాలికలు కూర్చుని ఉన్నారు. వాళ్ళ కాళ్ళ దగ్గర తాడుతో కట్టిన చార్టుల చుట్ట, ఒక ప్లాస్టిక్ బకెట్టు ఉన్నాయి. ఆ బకెట్టు కారణంగానే మేము ఈ ప్రయాణం పెట్టుకున్నాము.

అంతకు ముందు రోజు ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంగణంలో పాఠశాల విద్యార్థుల సైన్సు సదస్సు జరిగింది. మా అమ్మాయి కూడా అందులో పాల్గొనడానికి ఎంపికైనందున గుంటూరు నుంచి కుటుంబమంతా వచ్చాము. మన దేశంలో పిల్లల చేత ఇటువంటి పరిశోధన చేయించే ఏర్పాటు కొత్తదేమీ కాదు. జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ 1993 నుంచి నడుస్తోంది. 10 నుంచి 17 ఏళ్ళ లోపు పిల్లలు తమ ఊరి సమస్యను ఎంచుకొని, ఒక ఉపాధ్యాయుని మార్గదర్శకత్వంలో పరిశీలించి, జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయుల్లో వివరించాలి. మాతృభాషలో చెప్పవచ్చు. మోడలు కన్నా పరిశీలనకే అక్కడ విలువ.

ఈ సంగతులన్నీ తెలిసి కూడా మేము ఏం చేశామో దాచడం భావ్యం కాదు. మా అమ్మాయి చార్టులోని ఇంగ్లీషు వాక్యాలు మేము రాసినవి. పటాలు బజారులో రంగుల్లో అచ్చు వేయించినవి. ఆమె వాటిని పొల్లు పోకుండా కంఠస్థం చేసింది. నాలుగు నిమిషాలు చక్కగా అప్పజెప్పింది కూడా. న్యాయనిర్ణేతల్లో ఒక పెద్దమనిషి సౌమ్యంగా, "ఈ అంకె నీకు ఎలా వచ్చిందమ్మా?" అని అడిగారు. ఆమె తల తిప్పి మా వైపు చూసింది. ఆ చూపు ముందు మేము తల దించుకోవలసి వచ్చింది.

ఆ తర్వాత వచ్చినవారే ఈ ఇద్దరు బాలికలు. మొదటి రెండు వాక్యాలు ఇంగ్లీషులో మొదలుపెట్టి ఆగిపోయారు. "తెలుగులో చెప్పండి తల్లీ" అనగానే మాట సాగింది. తమ గూడెం దగ్గర రెండు ఊటలున్నాయి. ఒకటి చెట్లు దట్టంగా ఉన్న వాలు కింద, మరొకటి పోడు కోసం చెట్లు నరికిన వాలు కింద. పది లీటర్ల బకెట్టు నిండడానికి ఎంతసేపు పడుతుందో వారానికొకసారి గడియారం పట్టుకొని రాసుకున్నారు. హాస్టలులో ఉండే రోజుల్లో ఒక బాలిక తమ్ముడు కొలిచాడట. మొదటి ఊట దగ్గర చలికాలంలో నిమిషం లోపే నిండిన బకెట్టు ఏప్రిల్‌లో ఐదు నిమిషాలు తీసుకుంది. రెండో ఊట ఏప్రిల్ మధ్యకే ఎండిపోయింది. నోటు పుస్తకంలో ఒక వారం ఖాళీగా ఉంది. దాని ఎదుట "జోరు వాన, దారి లేదు, వెళ్ళలేదు" అని రాసి ఉంది. ఆ పెద్దమనిషి ఆ గడిని పక్కనున్న వారికి కూడా చూపించారు.

ఆయన గట్టి ప్రశ్నే వేశారు. "రెండు ఊటల కింద రాయి వేరు కావచ్చు, వాలు వేరు కావచ్చు. చెట్ల వల్లనే ఈ తేడా వచ్చిందని ఎలా చెబుతారు?" పెద్ద అమ్మాయి కొంచెం ఆలోచించి, "తెలియదు సార్. ఇంకో రెండు ఊటలు కలిపి వచ్చే ఏడాదీ కొలుస్తాం" అన్నది.

దూరప్రాంతం నుంచి ప్రశ్నలు మోసుకొచ్చిన వారికి ఇమామ్ మాలిక్ (రహ్మలై) చాలా వాటికి 'నాకు తెలియదు' అని బదులిచ్చిన ఉదంతాన్ని మన పాఠకులు వినే ఉంటారు. మన పండితులు తమ గ్రంథాలలో 'అల్లాహు ఆలమ్' అని రాసి కలం ఆపిన చోట్లు ఎన్నో. మేము మా అమ్మాయికి అన్నీ నేర్పాము గాని ఆ ఒక్క మాట నేర్పలేదు.

భోజన విరామంలో మా శ్రీమతి ఆ పిల్లల దగ్గర కూర్చుని, ఆ నీళ్ళ లెక్క ఎందుకని అడిగింది. కొండ మీది ఊటకు గొట్టం వేసి, మోటారు లేకుండానే వాలు మీదుగా నీటిని గూడెంలోకి దింపే పథకాలు ఈ ప్రాంతంలో ఉన్నాయి. వేసవిలో అతి తక్కువగా ఎంత ఊరుతుందో తెలియనిదే తొట్టి ఎంత కట్టాలో తేలదు. వీళ్ళ ఊటను ఇంతవరకు ఎవరూ కొలవలేదు. ఎండాకాలంలో గూడెం ఆడవాళ్ళు దిగువ గెడ్డకు పోయి, పశువులు తాగే చోటనే నీళ్ళు ముంచుకుంటారు. "అర్జీతో పాటు ఈ పుస్తకం కూడా పెడతాం" అన్నది టీచరమ్మ. "రేపు ఈ బండిలోనే వెళ్తున్నాం, రండి, చూద్దురుగాని" అని ఆహ్వానించింది.

అలా బయలుదేరాము. కొత్తవలస దాటాక కొంతసేపటికి మైదానం వెనుకబడి కొండలు మొదలవుతాయి. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు ఎగుమతి చేయడం కోసం 1960లలో వేసిన మార్గమిది. యాభైకి పైగా సొరంగాలున్నాయి. ప్రతి సొరంగంలోనూ కుర్రకారు కేకలు వేస్తుంటే మా ఎదుటి బాలికలు నవ్వుకున్నారు. ఏడాదికి నాలుగుసార్లు పోయే దారి వాళ్ళకు.

బొర్రా గుహల స్టేషనులో సగం బండి ఖాళీ అయ్యింది. సున్నపురాతిని నీరు తొలిచి చేసిన ఆ గుహలను గురించి ఇదివరకే ఎందరో రాశారు. మేము దిగలేదు. పట్టాల పక్కన తొలిచిన ఎర్రటి రాతిని చూపిస్తూ టీచరమ్మ మా అమ్మాయితో, "దీన్ని ఖోండలైటు అంటారు. ఈ కొండల్లో నివసించే ఖోండు జాతి పేరే ఈ రాతికి పెట్టారు" అని చెప్పింది. ఆ ఇద్దరిలో చిన్నమ్మాయి ఆ జాతి బిడ్డే. నూరేళ్ళకు పైగా భూగర్భశాస్త్ర గ్రంథాల్లో ఆమె జాతి పేరు నిలిచి ఉంది. ఆమె విశ్వవిద్యాలయ మెట్లెక్కడం మాత్రం నిన్ననే మొదటిసారి.

ఇంకొక సంగతి కూడా మాకు ఆ దారిలోనే గుర్తుకొచ్చింది. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు విరాళమిచ్చారు. అక్కడి సైన్సు కళాశాలకు ఆయన పేరే పెట్టారు. జయపురం ఈ అరకుకు ఆవల, కొరాపుట్ కొండల్లో ఉంది. అంటే కొండసీమ రాబడి సముద్రపుటొడ్డున సైన్సు కళాశాలను నిలబెట్టింది. కొండ పిల్లలు తమ నోటు పుస్తకంతో అక్కడికి దిగి రావడానికి ఇన్నేళ్ళు పట్టిందంటే ఆ లోపం పిల్లలది కాదు.

అరకులో దిగి జీపెక్కాము. దారి పొడవునా వలిసె పూలు పొలాలను పసుపు రంగుతో కప్పివేశాయి. వాటి నడుమ ఫొటోలు దిగేవారి రద్దీ ఎక్కువగానే ఉంది. బొంగులో చికెన్ వాసన ఊరించింది గాని, జబహ్ ఎలా చేశారో తెలియక అరటిపళ్ళతో సరిపెట్టుకున్నాము. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ మొక్కలు, చెట్ల మొదళ్ళకు అల్లుకున్న మిరియపు తీగలు కనిపించాయి. 'అరకు వ్యాలీ అరబికా'కు 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. యెమెన్ నుంచి లోకమంతా పాకిన కహ్వాకు ఆ పేరులో అరబ్బుల జ్ఞాపకం ఇంకా మిగిలి ఉండటం మాకు ముచ్చటగా తోచింది. కాఫీకి నీడ కావాలి కనుక చెట్లు నిలుస్తున్నాయి. చెట్లున్న వాలులో వాన నీరు ఆకులు, మెత్తటి మన్ను గుండా నెమ్మదిగా ఇంకుతుంది, కింద గట్టి రాయి తగిలిన చోట ఊటగా బయటపడుతుంది. ఇది బాలికల వివరణ. "అనుకుంటున్నాం" అని వాళ్ళే చివర చేర్చారు.

గూడెంలో ఇరవై ఇళ్ళు కూడా లేవు. పెద్దవాళ్ళు తమలో తాము ఆదివాసీ ఒడియాలో మాట్లాడుకున్నారు. పెద్ద బాలిక తల్లి చోడి అంబలి ఇచ్చి, కూతురు పట్నంలో ఏం చేసివచ్చిందని టీచరమ్మను అడిగింది. టీచరమ్మ చెబుతుంటే ఆమె నవ్వలేదు, పొగడలేదు. "నీళ్ళు వస్తాయా?" అని మాత్రం అడిగింది. ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఊట మేము ఊహించిన దానికన్నా చిన్నది. రాళ్ళ సందున వెదురు దోనె పెట్టారు, అందులోంచి సన్నని ధార పడుతోంది. వానలు వెళ్ళి ఎక్కువ కాలం కాలేదు కనుక ధార బాగానే ఉంది. జుహర్ వేళ అయింది. వుజూ కోసం దోసిలి పట్టబోతుంటే, ఏప్రిల్‌లో ఈ పది లీటర్ల కోసం ఐదు నిమిషాలు నిలబడాలన్న మాట జ్ఞాపకం వచ్చి చేయి వెనక్కి తీసుకున్నాము. దైవప్రవక్త (స) ఒక ముద్ నీటితో, అంటే లీటరుకన్నా తక్కువతో వుజూ చేసేవారని హదీసుల్లో చదువుకున్నదే. చిన్న చెంబు అడిగి తీసుకొని అందులో పట్టిన నీటితోనే వుజూ ముగించాము. జుహర్, అసర్ కలిపి కస్ర్ చేసుకొని లేచేసరికి మా అమ్మాయి దోనె పక్కన కూర్చుని ఉంది. చిన్న బాలిక బకెట్టు పెట్టింది, మా అమ్మాయి గడియారం చూసింది. "యాభై రెండు సెకన్లు" అన్నది. "మళ్ళీ పెట్టు, మూడుసార్లు చూడాలి" అన్నది చిన్న బాలిక.

గుంటూరు చేరిన మరునాడు మా ఇంట్లో వుజూ చేసే కొళాయి కింద ఒక తొట్టి వెలిసింది. ఎవరు వుజూ చేసినా తొట్టిలోని నీటిని కొలిచి రాస్తున్నది మా అమ్మాయి. తెలుగులోనే రాస్తోంది. అబ్బా, అమ్మీ, నానీ అంటూ వరుసలు గీసింది. అందరికన్నా ఎక్కువ నీరు మా వరుసలోనే ఉంది. వారం తర్వాత మేము పుస్తకం తెరిచి చూస్తే గురువారం గడి ఖాళీగా కనిపించింది. పక్కన "మరిచిపోయాను" అని రాసి ఉంది.